ఇంటిలో మంద్రస్థాయి: సబ్‌వూఫరును ఎంచుట, నెలకొల్పుట



మన సంగీతశాస్త్రకారులు నాదమునకు మూడు స్థానములు చెప్పిరి. మంద్రమునకు హృదయము, మధ్యమునకు కంఠము, తారమునకు శిరస్సు. 13వ శతాబ్దిలో సంగీతరత్నాకరమును రచించిన శార్‌ఙ్గదేవుడును ఈ విభాగమునే చెప్పెను. నేడు ఇండ్లలో యంత్రముల మూలమున సంగీతము వినువారి స్థితి చూడగా, కంఠమును శిరస్సును మిగిలి హృదయము జారిపోయినట్లు తోచును. పుస్తకముల బీరువాలో ఒక అరమీద ఇమిడిపోవు చిన్న స్పీకర్లు గానమును శుభ్రముగనే వినిపించును. వయొలిను కమ్మగనే ఉండును. కాని మృదంగపు ఎడమమూతపై అరచేయి పడినప్పుడు గుమ్మని పుట్టు నాదము, వైణికుడు అనుమంద్రతంతిని మీటినప్పుడు గదిలో నిండవలసిన గాంభీర్యము ఆ పెట్టెలలో పుట్టనే పుట్టవు. ఆ లోటును తీర్చుటకై విడిగా చేయబడిన పెట్టెకు సబ్‌వూఫరు అని పేరు. ప్రక్కకు 10 మొదలు 13 అంగుళములు మాత్రమే ఉండు చిన్న సబ్‌వూఫర్లు ఇప్పుడు దొరకుచున్నవి. వానిని ఎట్లు ఎంచవలెను, ఇంటికి తెచ్చిన పిమ్మట ఎచ్చట ఉంచవలెను అనునది నేటి నా ప్రసంగ విషయము. నా అభిప్రాయమును ముందే మనవి చేసెదను. ఈ విషయములో ఎంచుట కంటె ఉంచుట ముఖ్యము. వెల హెచ్చిన పెట్టె చెడ్డచోట ఉన్నదానికంటె, సామాన్యమైన పెట్టె మంచిచోట ఉన్నది మేలుగా పలుకును.

మా చిన్న రేడియోలో మృదంగము వినబడుచునే యున్నది గదా, క్రొత్తగా ఈ పెట్టె యేల అని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న యుక్తమైనదే. దీనికి సమాధానము తర్కశాస్త్రములో దొరకును. పర్వతముపై పొగను చూచి నిప్పు కలదని తెలిసికొనుట అనుమానము. నిప్పునే కంటితో చూచుట ప్రత్యక్షము. స్వరముగా వినబడు నాదమేదియు ఒంటరిగా రాదు. మూలనాదము సెకనుకు 100 కంపనములు గలదైనచో, దానితోపాటు 200, 300, 400 కంపనముల అనుస్వరములును పుట్టును. (భౌతికశాస్త్రజ్ఞులు పెట్టిన పేరిది, వ్యాకరణములోని పూర్ణబిందువుతో దీనికి సంబంధము లేదు.) చిన్న రేడియో ఆ 100ని పలుకజాలదు; 200, 300, 400లను పలుకును. వాని నడుమ గల సమానమైన ఎడమును బట్టి, మూలము 100 అయి యుండవలెనని మన చెవియు మనస్సును కలిసి ఊహించుకొనును. నా మాటలు వినుచున్న మీకు ఇప్పుడు జరుగుచున్నది ఇదియే. పురుషుని మాటలోని మూలనాదము 100, 120 కంపనముల ప్రాంతమున నుండును. మూడంగుళముల స్పీకరు గల రేడియోలో అది దాదాపు శూన్యము. అయినను మాటలాడుచున్నవాడు పురుషుడని మీరు సందేహము లేకయే గుర్తించుచున్నారు. మాటకు ఈ అనుమానము చాలును. సంగీతమునకు చాలదు. పొగను చూచి చలి కాచుకొనినవారు లేరు గదా!

ఇక మంద్రమనగా ఎంతటి మంద్రమో లెక్క చూతము. వీణను మూడు శ్రుతికి చేర్చితిమనుకొందము. అప్పుడు షడ్జము సుమారు 165 కంపనములు, మంద్రతంతి 82, అనుమంద్రతంతి పంచమమునకు చేర్చబడును గావున 62. ఒకటి శ్రుతికి పాడు గాయకుని షడ్జము 131, మంద్రపంచమము 98. ఆయన వెనుక మ్రోగు తంబురాలో మంద్రతంతి 65. మృదంగములో కుడిమూతకు నల్లని కరణి శాశ్వతముగా అంటియుండును. దానివలననే ఆ మూత స్వరశుద్ధి గల అనుస్వరములను పలుకునని, విశాఖపట్టణమున బాల్యము గడపిన సి. వి. రామన్ గారు 1920లో నేచర్ పత్రికయందును, 1934లో మరింత విపులముగను నిరూపించిరి. ఎడమమూతకు, అనగా తొప్పికి, కచేరీకి ముందు తడిపిన రవ్వముద్ద అద్దుదురు. ఆ బరువువలన దాని నాదము షడ్జమునకు ఇంచుమించు ఒక స్థాయి దిగువకు దిగును. కావున మన సంగీతమునకు 50 కంపనముల వరకు నిక్కముగా పలుకు పెట్టె చాలును. 40 వరకు దిగినచో సమృద్ధి. పాశ్చాత్యుల డబుల్ బేస్ అను పెద్ద తంత్రీవాద్యము 41 వరకు దిగును. పియానోయొక్క కడపటి మెట్టు 27.5. నేటి సినిమా పాటలలో విద్యుద్యంత్రములచే కల్పింపబడు మ్రోతలు 30, 40 ప్రాంతములను గూడ తాకుచుండును. ఆ పాటలు మీ యింటి పిల్లలకు ఇష్టమైనచో ఆ సంగతియు కొనుటకు ముందే ఆలోచింపవలెను. 20 కంపనముల కొరకు మాత్రము ధనము వెచ్చింపకుడు. వీణలోను లేదు, మృదంగములోను లేదు.

పాత రికార్డుల ప్రియులకు ఒక మాట. 1925కు పూర్వము గాయకులు లోహపు బాకా యెదుట నిలిచి పాడగా రికార్డులు చెక్కబడినవి. వానియందు 200 కంపనములకు దిగువ నున్న నాదము మిక్కిలి స్వల్పము. 1925 నుండి విద్యుత్పద్ధతి వచ్చిన తరువాతనే కొంత మంద్రము రికార్డులకు ఎక్కినది. మొదటి తరము రికార్డులకు సబ్‌వూఫరును జోడించినచో, లేని మంద్రము రాదు; పళ్లెము తిరుగు చప్పుడు మాత్రము ఉరుమువలె వినబడును. ఈమని శంకర శాస్త్రిగారి వీణయో, చిట్టిబాబుగారి వీణయో తరువాతి కాలపు టేపులనుండి, లాంగ్ ప్లే రికార్డులనుండి వినువారికే ఈ పెట్టె సార్థకము.

మెల్లగా వినువారికి దీనివలన ప్రత్యేకమైన లాభము కలదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్‌సన్ అను శాస్త్రజ్ఞులు చెవియొక్క స్వభావమును కొలిచిరి. ధ్వని మొత్తము తగ్గించిన కొలది, మధ్యస్థాయికంటె మంద్రస్థాయి వేగముగా మన చెవికి దూరమగునని వారు తేల్చిరి. రాత్రివేళ ఇంటిల్లిపాదియు నిద్రించుచుండగా మనము పాటను తగ్గించి వినినప్పుడు మృదంగము తబుకు డబ్బావలె వినబడుటకు ఇదియే కారణము. చాలమంది ఆ లోటును పూరింపదలచి వాల్యూమును పెంచుదురు. అప్పుడు కంఠమును వయొలినును గూడ పెరిగి, ప్రక్కగదిలోనివారు లేచి కూర్చుందురు. మంద్రమును మాత్రము కొలదిగా చేర్చుకొనగలిగినచో తక్కిన దానిని తక్కువలోనే ఉంచవచ్చును.

చిన్న పెట్టె గొప్ప మంద్రమును పలుకుట ప్రకృతికి అంత ఇష్టమైన పని కాదు. స్పీకరులోని శంకువు, అనగా కాగితముతోనో లోహముతోనో చేసిన గరాటు, ముందు వెనుకలకు కదలుచు గాలిని నెట్టును. అదే గట్టితనముతో ఒక స్థాయి దిగువ స్వరమును పలుకవలెనన్నచో నాలుగింతల గాలిని కదల్పవలెను. 80 నుండి 40కి దిగినచో నాలుగింతలు, 40 నుండి 20కి దిగినచో మరల నాలుగింతలు. శంకువునకు పెట్టె యేల యన్నచో, ముందువైపు గాలి నొక్కబడినప్పుడు వెనుకవైపు గాలి పలుచబడును. పెట్టె లేనిచో ఈ రెండును అంచు చుట్టి వచ్చి ఒకదాని నొకటి చంపుకొనును. 1954లో ఎడ్గార్ విల్చర్ అను అమెరికా దేశస్థుడు, అన్నివైపుల మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగువలె వాడుకొని, అంతకుముందు బీరువాలంత పెట్టెలు మాత్రమే చేయగలిగిన పనిని బల్లమీది పెట్టెచే చేయించెను. తరువాత హాఫ్‌మన్ అను మరియొకడు దీనిలోని నిర్బంధమును సూత్రీకరించెను. పెట్టె చిన్నది కావలెను, స్వరము మిక్కిలి దిగువకు పోవలెను, తక్కువ విద్యుత్తుతో హెచ్చుగా మ్రోగవలెను అను మూడు కోరికలలో ఏ రెండైనను తీరును గాని మూడును తీరవు. అదే పెట్టె ఒక స్థాయి దిగువకు పోవలెనన్నచో దాని సామర్థ్యము ఎనిమిదవ వంతునకు పడిపోవును.

నేటి చిన్న పెట్టెలు మూడవ కోరికను వదలుకొన్నవి. డి-తరగతి ఆంప్లిఫయర్లు అనునవి తక్కువ వేడితో, తక్కువ చోటులో, వందలకొలది వాట్లు ఇచ్చుచున్నందున అది సాధ్యమైనది. కావున 8 అంగుళముల శంకువు గల పెట్టెమీద 300 వాట్లని వ్రాసియుండుట చూచి ఇల్లు కూలునేమోనని భయపడకుడు. గాలి స్ప్రింగును ఎదిరించుటకే అంత శక్తి కావలసివచ్చును. 8 అంగుళముల శంకువుకంటె 10 అంగుళముల దానికి వైశాల్యము సుమారు ఒకటిన్నర రెట్లు. గదిలో చోటు, చేతిలో ధనము అనుమతించినచో 10 అంగుళములదే మంచిది. కొన్ని పెట్టెలలో రెండు శంకువులు వెన్నుకు వెన్ను ఆనించి యుండును. అవి ఒకేమారు ఎదురెదురు దిక్కులకు త్రోయుటవలన పెట్టె వణకదు. అరుగుమీదనైనను అలమరలోనైనను పెట్టుకొనవచ్చును. వెల మాత్రము హెచ్చు.

మూసిన పెట్టె మేలా, రంధ్రము గల పెట్టె మేలా అను వివాదము కలదు. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు ఒకే స్వరము గుమ్మని పలుకును గదా, రంధ్రపు పెట్టె చేయునది అదే. తనకు నిర్ణయింపబడిన స్వరము దగ్గర సునాయాసముగా హెచ్చుగా మ్రోగును. దానికి దిగువ నిట్రముగా జారిపోవును. మూసిన పెట్టె అంత గట్టిగా మ్రోగదు గాని దిగువకు పోవుకొలది మెల్లగా తగ్గును. చిన్న గదులు స్వభావముచేతనే మంద్రమునకు కొంత ఊతమిచ్చును గనుక, ఆ మెల్లని తగ్గుదలయు ఈ ఊతమును ఒకదానినొకటి సరిచేసికొనును. సినిమా ప్రేలుళ్లు వినగోరువారు రంధ్రపు పెట్టెనే కోరుదురు. వారితో నాకు తగవు లేదు. మృదంగపు జతులలో ఒక దెబ్బకును మరియొక దెబ్బకును నడుమ నిశ్శబ్దము నిశ్శబ్దముగనే ఉండవలెనని కోరు నాబోటివారికి మూసిన పెట్టె.

విక్రేత ఇచ్చు పత్రములో "20 కంపనములనుండి" అని వ్రాసియుండును. దానిని చూడగనే సంతసింపక, ఎన్ని డెసిబెల్లుల తగ్గుదలతో అని అడుగుడు. మూడు డెసిబెల్లుల తగ్గుదల యనగా శక్తి సగమైనదని అర్థము. ఆ మాట నమ్మదగినది. పది డెసిబెల్లుల తగ్గుదల యనగా పదవ వంతు మిగిలినదని అర్థము. అచ్చట స్వరము ఉన్నదన్న పేరే గాని వినికిడి తక్కువ. ఏ వివరమును లేనిచో ఆ సంఖ్య ప్రకటనకు మాత్రమే పనికివచ్చును. కంపెనీల పేర్లు ఈ ప్రసంగమున చెప్పుట తగదు. ఇంటికి తీసికొనిపోయి కొన్నాళ్లు విని, నచ్చనిచో మరల ఇచ్చుటకు ఒప్పుకొను అంగడి దొరికినచో అచ్చటనే కొనుడని మాత్రము చెప్పెదను. అంగడిలో విన్నది అంగడి గదియొక్క మంద్రము. అది మీతో ఇంటికి రాదు.

గది మాటకు వత్తము. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1130 అడుగులు పోవును. 1000 కంపనముల స్వరముయొక్క తరంగము అడుగునకు కొంచెము హెచ్చు పొడవుండును. 40 కంపనముల తరంగము 28 అడుగులు. మన గదులలో ఆ తరంగమునకు కాలు చాచుకొనుటకైనను చోటు లేదు. అది గోడకు తగిలి తిరిగివచ్చి తనను తానే కలిసికొని, కొన్నిచోట్ల రెట్టింపై, కొన్నిచోట్ల చచ్చిపోయి నిలిచిపోవును. 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని తీసికొనుడు. పొడవునుబట్టి 40 కంపనముల దగ్గర, వెడల్పునుబట్టి 51 దగ్గర, ఎత్తునుబట్టి 56 దగ్గర గది తానుగా మ్రోగును. పొడవు విషయములో 40కి రెట్టింపైన 81 దగ్గరను మ్రోగును. ఇంతకుముందు చెప్పిన వీణయొక్క మంద్రషడ్జము 82. ఆ గది నడిమధ్యన కూర్చున్నవానికి 40 కంపనముల స్వరము మాయమగును. మంద్రషడ్జము మాత్రము గర్జించుటకు వీలున్నది. గోడకు వీపు ఆనించి కూర్చున్నవానికి అన్నియు హెచ్చుగనే వినబడి గుబగుబలాడును. కావున కుర్చీ గది నడుమను ఉండరాదు, గోడకును అంటరాదు. వెనుకగోడనుండి గది పొడవులో మూడవ వంతు దూరమున మొదలుపెట్టి అటునిటు జరిపి చూడవలెను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సమానమైన గది సంగీతమునకు శత్రువు. మూడును ఒకే స్వరముపై పగబట్టును.

మన ఇండ్ల కట్టుబడి సంగతియు ఆలోచింపదగినది. పూర్వపు పెంకుటిండ్లలో కప్పు సందులనుండియు, ఎదురెదురు ద్వారములనుండియు మంద్రము బయటికి పోవుచుండెను. నేటి ఇటుకగోడలు, సిమెంటు కప్పు, క్రింద పలకరాళ్లు ఏ మాత్రము వంగవు. వచ్చిన తరంగమును వచ్చినట్లే వెనుకకు పంపును. తెరలు, తివాచీలు వేసినచో కంఠములోని కరకుదనము తగ్గునే గాని 28 అడుగుల తరంగమును తెరగుడ్డ ఆపజాలదు. తలుపు తెరచియుంచుట, పరుపులు నిండిన మంచము గదిలో ఉండుట కొంత మేలు చేయును.

పెట్టెను మూల నుంచినచో మూడు తలముల ఊతముచే ధ్వని మిక్కిలి పెరుగును. కాని గదియొక్క అన్ని మ్రోతలును ఒక్కమారు మేల్కొనును. మూలనుండి ప్రారంభించి, గోడవెంట అడుగడుగు జరుపుచు వినుట ఒక పద్ధతి. ఇంతకంటె చక్కని ఉపాయము మరియొకటి యున్నది. మంద్రనాదము ఇక్కడినుండి అక్కడికి ఎట్లు చేరునో, అక్కడినుండి ఇక్కడికిని అట్లే చేరును. కావున పెట్టెను తాత్కాలికముగా మీరు కూర్చుండు కుర్చీమీదనే పెట్టుడు. మంద్రస్థాయిలో మెల్లగా దిగు వీణాలాపన నొకదానిని మ్రోగించి, పెట్టెను ఉంచుటకు వీలున్న చోట్లయందెల్ల చెవిని పెట్టె ఎత్తునకు వంచి వినుడు. ఏ చోట స్వరములన్నియు సమానమైన బలముతో వినబడునో, ఏ ఒక్కటియు గర్జింపదో, ఏ ఒక్కటియు మూగపోదో, అదియే పెట్టెకు స్థానము. పాశ్చాత్యులు దీనికి ప్రాకుడు పద్ధతియని పేరు పెట్టిరి. అరువదేండ్లు దాటిన మోకాళ్లతో ప్రాకుట యెందుకు? నేను పీటమీద కూర్చుండి పీటనే జరుపుకొనుచు వింటిని. మా గదిలో మంచిచోటు మూల కాదు; పొడుగుగోడ వెంట, కిటికీ క్రింద, ఎవ్వరును ఊహింపని తావున దొరకినది. వీణ లేనివారు చేతిఫోనులో నిర్ణీత కంపనములను పలికించు సాధనమును తెచ్చుకొని, 100నుండి 30 వరకు మెట్టుమెట్టుగా, తక్కువ ధ్వనిలో, దిగి చూడవచ్చును.

స్థానము దొరకిన తరువాత తీగెలు. ఆంప్లిఫయరు వెనుక సబ్‌వూఫరునకు వేరుగా ద్వారమున్నచో ఒక్క తీగెతో పని తీరును. లేనిచో స్పీకర్ల తీగెలు కలుపు మరలనుండియే నాదమును గైకొనునట్టి అమరిక గల పెట్టెను ఎంచవలెను; కలుపుటకు ముందు తయారుచేసినవారి సూచనలను తప్పక చదువవలెను. కలిపినంతనే గుయ్యిమని ఎడతెగని మ్రోత వినవచ్చుట కలదు. మన ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది; ఆ మ్రోత దానిదియో, దాని రెట్టింపైన 100దియో. ఆంప్లిఫయరును సబ్‌వూఫరును వేర్వేరు గోడసాకెట్లలో పెట్టినప్పుడు వాని ఎర్తుల నడుమ చుట్టు ఏర్పడుటయే తరచుగా కారణము. రెంటిని ఒకే పలకమీది సాకెట్లలో పెట్టి చూడుడు. కొందరు పనివారు ఎర్తు పిన్నును విరిచివేసి మ్రోతను మాన్పుదురు. వారిని ఆ పని చేయనీయకుడు. లోపల తీగె తెగి పెట్టెకు తగిలిన నాడు ఆ పిన్ను తప్ప మనిషికిని మరణమునకును నడుమ మరేమియు ఉండదు.

పెట్టె వెనుక సాధారణముగా మూడు మీటలుండును. మొదటిది ఏ కంపనము వరకు ఈ పెట్టె పలుకవలెనో నిర్ణయించును, దీనిని క్రాస్ఓవరందురు. ఐదంగుళముల శంకువు గల చిన్న స్పీకర్లకు 80 దగ్గర మొదలుపెట్టుట మంచిది. అంతకు దిగువ స్వరము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవి పోల్చుకొనజాలదు. పెట్టె ఎచ్చట నున్నను నాదము గాయకుని వద్దనుండియే వచ్చినట్లు తోచును. ఆ మీటను 120కో 150కో పెంచినవారి ఇంట నేను కచేరీ వింటిని. గాయకుడు ఎదుట గోడవద్ద పాడుచుండగా, ఆయన మంద్రపంచమము మాత్రము సోఫా వెనుక మూలనుండి వినవచ్చినది! 98 కంపనముల స్వరము గదా, పెట్టె దానిని గూడ తన వాటాకు తీసికొనినది.

రెండవ మీట ధ్వనిప్రమాణము. మొదట పూర్తిగా తగ్గించి, పాట సాగుచుండగా మెల్లగా పెంచుడు. "ఇదిగో పెట్టె పలుకుచున్నది" అని తోచిన క్షణమున ఆగి, అక్కడినుండి కొంచెము వెనుకకు త్రిప్పుడు. పలుకుచున్నంతసేపు పెట్టె ఉన్నట్లు తెలియరాదు. ఆపినంతనే గదిలో ఏదో తరిగినట్లు తెలియవలెను. వంటలో ఉప్పు వంటిది. క్రొత్తగా కొన్నవారు వెచ్చించిన ధనము వినబడవలెనను కోరికతో హెచ్చుగా పెట్టుకొందురు. ఒక వారము గడచిన తరువాత చాలమంది తామే తగ్గించుకొందురు.

మూడవది ఫేజు. స్పీకర్ల శంకువులు ముందుకు త్రోయునప్పుడు సబ్‌వూఫరు శంకువు వెనుకకు లాగినచో, 80 ప్రాంతమున రెండును కలిసి పలుకుటకు మారుగా ఒకదాని నొకటి అణచును. మీరు కుర్చీలో కూర్చుండి, ఇంట మరియొకరిచే ఆ మీటను సున్నకును 180కిని మార్పించి వినుడు. ఏ వైపున మృదంగము నిండుగా వినబడునో ఆ వైపున విడిచిపెట్టుడు. ఈ పని ఒక్కరు చేయవీలు కాదు. లేచి వెళ్లి మీట త్రిప్పి తిరిగివచ్చి కూర్చుండునప్పటికి చెవి మునుపటి దానిని మరచిపోవును.

అన్నియు సరిపడిన మొదటి రాత్రి ఇంటిలోని వస్తువులు తమ సంగీతమును ప్రారంభించును. ఇనుప బీరువా తలుపు, అటకమీది ఇత్తడి పళ్లెములు, కిటికీ అద్దము, గోడకు తగిలించిన పటములు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమునకు లేచి బదులు పలుకును. పెట్టెనే తప్పుపట్టకుడు. పళ్లెముల నడుమ పాతగుడ్డ, పటముల వెనుక రబ్బరు ముక్క, తలుపుసందున కాగితపు మడత చాలును.

ఇక ఇరుగుపొరుగు. ఒకే భవనములో పలువురు వాటాలలో నివసించు ఈ కాలమున ఇది నిజముగా ఆలోచింపవలసిన విషయము. తారస్వరములను గోడ ఆపును. మంద్రము గోడను దాటుటలో అంతగా శ్రమపడదు. సన్నని నాలుగున్నర అంగుళముల గోడ దానికి తెర వంటిది. పెట్టె క్రింద రబ్బరు దిమ్మెలు వేసినచో నేలలోనికి దిగు వణకు తగ్గును గాని గాలిలో పోవునది తగ్గదు. మేము పెట్టెను తెచ్చిననాటి సాయంకాలమే నేను ప్రక్కవాటాకు వెళ్లితిని. అచ్చట పక్షవాతముచే మంచము పట్టిన పెద్దాయన యున్నారు. మా మనుమడు మా గదిలో కచేరీ పెట్టినాడు. అచ్చట కంఠము లేదు, వయొలిను లేదు. గోడలోనుండి నెమ్మదిగా, లెక్కకు తప్పకుండ, దెబ్బమీద దెబ్బ మాత్రము వినవచ్చుచున్నది. ఆ ఇంటి అమ్మ నవ్వుచు, "మాస్టారూ, పాట వినబడటం లేదు గాని, ఎవరో పిండి దంచుతున్నట్టుంది" అనినది. పెద్దాయన ఏమియు అనలేదు. కన్నులు తెరచి గోడవైపు చూచుచుండిరి. రాగము తెలియని తాళము రోగికి ఎంత బాధయో నాకు అప్పుడు బోధపడినది. నాటినుండి పగలు ఆయన మేల్కొనియున్న వేళలలో పెట్టె పలుకును. రాత్రి ఎనిమిది దాటినచో పెట్టె మీటను ఆపివేసి, చిన్న స్పీకర్లతోనే వినుచున్నాము. అమ్మ ఇప్పుడు అప్పుడప్పుడు ఆయనను చక్రముల కుర్చీలో మా గదికి తోడ్కొని వచ్చుచున్నది. పిండి దంచుడు ఎచ్చటినుండి వచ్చెనో ఆయనయు వినుచున్నారు. కొనదలచినవారు తమ గదిలో విన్నట్లే ప్రక్కగదిలోను, క్రింది అంతస్తులోను విని, అటుపిమ్మట ధ్వనిప్రమాణమును నిర్ణయించుకొనుట మంచిది.

కడపట, ఒక పెద్ద పెట్టె మేలా రెండు చిన్న పెట్టెలు మేలా అని అడుగువారికి. ఎదురెదురు గోడల నడిమి భాగములందు రెండు చిన్న పెట్టెలను ఉంచినచో, ఆ గోడల నడుమ పుట్టు మొదటి మ్రోతను అవి రెండును కలిసి అణచివేయును. గదిలో ఇంచుమించు అన్ని కుర్చీలకును మంద్రము సమముగా అందును. నలుగురు కూర్చుండి వినెడి ఇంటికి ఇది తగినది. ఒంటరిగా ఒక కుర్చీలో వినువానికి ఒక్కటి చాలును. వేసవిలో తలుపులు తెరచి, వానకాలములో మూసి యుంచువారు ఆ రెండు వేళలకు వేర్వేరుగా మీటల గుర్తులను పెన్సిలుతో పెట్టె వెనుక వ్రాసికొనవలెను; తెరచిన తలుపుతో సరిపడిన ప్రమాణము మూసిన గదిలో హెచ్చగును. మా పెట్టె వెనుక ఇప్పటికి మూడు గుర్తులున్నవి. మూడవది పెద్దాయన మా గదికి వచ్చు రోజులకు.